తలుపు మీద రెండు గీతలు

చిన్నకోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇప్పుడు పెట్టుకుని ఏం లాభం? అనకూడని మాట అనేసింది. వినకూడని మనిషి వినేసింది.

ఇస్త్రీపెట్టె కింద నారింజ రంగు కోటు మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ కదల్లేదు. చివరికి పెద్దకోడలే లేచి వెళ్ళి, ఇస్త్రీపెట్టె నిలబెట్టి, స్విచ్చి ఆపింది. కోటు వీపు మీద 'కెప్టెన్' అన్న అక్షరాల కింద అరచేయంత మరక మిగిలింది.

"మళ్ళీ అను," అంది.

"ఏదో కోపంలో నోరు జారింది అక్కా."

"నాక్కావలసిందీ ఆ కోపంలో మాటే. కోపం లేనప్పుడు ఈ ఇంట్లో నిజం చెప్పినవాళ్ళెవరు గనక?"

చిన్నకోడలు బిక్కమొహం వేసుకుని అత్తగారి వంక చూసింది. అత్తగారు డ్రిల్లు కోసం కట్టుగుడ్డలు చుడుతోంది. ఆవిడ తలెత్తలేదు.

నిజానికి గొడవ మొదలైంది చాలా చిన్న విషయం దగ్గర. ఇవాళ పేటలో ప్రమాద రక్షణ డ్రిల్లు అయ్యాక కెప్టెన్‌కి మెడల్ ఇస్తారు. కెప్టెన్ అంటే ఈ ఇంటి చిన్నకొడుకు, పెద్దకోడలికి మరిది. పేటలో వరదొచ్చినా నిప్పంటుకున్నా ముందు పరుగెత్తే వాలంటీర్ల టీముకి పెద్ద. పొద్దున్నే మైదానానికి వెళ్ళిపోతూ, కోటు ఇస్త్రీ చేసి పంపమని పెళ్ళానికి పురమాయించి వెళ్ళాడు. ఆ పెళ్ళానికి క్లినిక్‌లో చీటీలు రాసే ఉద్యోగం. ఐదు నిమిషాలు ఆలస్యమైతే డాక్టరు మొహం గంటుపెట్టుకుంటాడు. దాంతో ఆమెకి ఒళ్ళు మండింది.

"వీరుడట వీరుడు! ఇంట్లో బల్బు మార్చడానికి స్టూలెక్కితే కళ్ళు తిరుగుతాయి మహానుభావుడికి. ఆ వరదరోజు అక్కవాళ్ళ నాన్న గుమ్మం ముందు పడవ దిగనన్నా దిగలేదు. దానికి మళ్ళీ మెడల్ ఒకటి!"

అదీ మాట.

ఆ టీముకి ఒక పద్ధతి ఉంది. ఏ ఇంట్లోకి వెళ్ళినా, గుమ్మం దాటే ముందు తలుపు మీద ఏటవాలుగా ఒక గీత గియ్యాలి. లోపలంతా వెతికి బయటికొచ్చాక దానికి అడ్డంగా రెండోది. ఒక్క గీతే ఉంటే మనవాళ్ళు ఇంకా లోపల ఉన్నారని అర్థం. రెండూ కలిసి ఇంటూ గుర్తు పడిందంటే ఇల్లు ఖాళీ, ఇంకెవరూ ఆ వంక చూడనక్కర్లేదు.

రెండేళ్ళ కిందటి వరదలో పెద్దకోడలి తండ్రి ఉండే అద్దెగది తలుపు మీద ఇంటూ ఉంది. మూడో రోజు నీళ్ళు తీశాక ఆయన లోపల బీరువా మీద ముడుచుకుని దొరికాడు. గడియారాలు బాగుచేసే మనిషి. చెవులు బొత్తిగా వినబడవు. పడవలో నిలబడి ఎంత గొంతు చించుకున్నా ఆయనకి తెలియదు. లోపలికెళ్ళి భుజం తట్టాల్సిందే.

ఆ గీతలు గీసింది ఎవరో ఎవరూ చెప్పలేదు. "మేం వెతికినప్పుడు లేడమ్మా. గడియారాల కోసం తర్వాత వెనక్కి వెళ్ళి ఉంటాడు," అని టీమంతా ఒకటే పాట. పేటలోనూ అదే స్థిరపడిపోయింది. నాలుగు పాత గడియారాలకి ఆశపడి ప్రాణం పోగొట్టుకున్న ముసలాడు! 

ఆ గీతలు గీసిన చెయ్యి ఎవరిదో పట్టుకోవాలనే, కుట్టుమిషను మీద పని సగానికి తగ్గించుకుని పెద్దకోడలు కూడా టీములో చేరింది. రెండేళ్ళపాటు అందరి చేతుల వంకా చూసింది. ఇంట్లో చేతుల వంక చూడాలని తట్టనే లేదు.

"మీకు తెలుసా?" అని మొగుణ్ణి అడిగింది.

ఆయన లేత్ మిషను మీద పనిచేస్తాడు. వెంట్రుకవాసి తేడా వస్తే పట్టేసే మనిషి. చేతిలో బ్రెడ్డుముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు, అందులో ఏదో తేడా ఉన్నట్టు.

"మిమ్మల్నే."

"ఇప్పుడా ఈ గొడవ? ఇంకో గంటలో డ్రిల్లు పెట్టుకుని..."

"తెలుసా, తెలీదా?"

"వాడు ఆ వారంలోనే చెప్పాడు," అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "చాలా ఏడ్చాడు."

"అయ్యో, ఏడ్చాడా పాపం! ఓదార్చారా మరి?"

ఆయన బ్రెడ్డుముక్క పళ్ళెంలో పెట్టేశాడు.

"రెండేళ్ళు. మా నాన్నని జనం ఆశపోతు అంటుంటే, నేను మీ పక్కనే కూర్చుని ఏడుస్తుంటే, మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చారు. నిజం మాత్రం ఇవ్వలేకపోయారు."

"నువ్వు తట్టుకోలేవనీ... ఇల్లు రెండు ముక్కలైపోతుందనీ..."

"అవ్వలేదుగా? నిక్షేపంగా ఉంది ఇల్లు. మా నాన్నే పోయాడు."

అత్తగారు కట్టుగుడ్డల బుట్ట పక్కనపెట్టి లేచింది. వారం నుంచి పట్టిన దగ్గు ఆవిడ గుండెల్లో గలగలలాడింది. "అమ్మాయీ, తప్పు జరిగిపోయింది. కాదనను. నీళ్ళ జోరు చూసి వాడికి భయం వేసింది. భయం వేసినవాణ్ణి ఏం చెయ్యగలం చెప్పు?"

"మా నాన్నకీ వేసుంటుంది కదత్తయ్యా."

అత్తగారు మళ్ళీ కూర్చుండిపోయింది. తండ్రి పోయిన కొత్తలో నెల్లాళ్ళు తిండి ముట్టని కోడలికి తన చేత్తో అన్నం కలిపి తినిపించిన మనిషి ఆవిడ. ఆ చేత్తోనే నిజాన్ని కూడా దాచేసిందని ఇవాళ తెలిసింది.

పెద్దకోడలు ఏడవలేదు. ఏడిస్తే దగ్గరికొచ్చి ఓదారుస్తారు. వీళ్ళ ఓదార్పు ఇక అక్కర్లేదు. తన కోటు తగిలించుకుంది, మాడిన కోటు మడతపెట్టి చంకలో పెట్టుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు మొగుడు కంగారుగా.

"డ్రిల్లుకి. మూడో వరస నాదే కదా."

"అక్కడ వాణ్ణేమీ అనకు. పెద్దవాళ్ళంతా వస్తారు. నలుగురిలో..."

"నేనెందుకంటాను? అనడం మన ఇంటి అలవాటు కాదు కదా," అని గుమ్మం దిగింది.

* * *

మిల్లు మూతపడ్డాక దాని క్వార్టర్సు అలా బోసిపోయి పడున్నాయి. వచ్చే నెలలో కూలగొడతారు. నాలుగు వరసలు, వరసకి ఎనిమిది ఇళ్ళు. డ్రిల్లుకి అంతకంటే మంచి చోటు దొరకదు. తలుపులు పగలగొట్టినా అడిగేవాళ్ళు లేరు.

కెప్టెన్ ఒక చేతిలో మ్యాపు, ఇంకో చేతిలో విజిలు పట్టుకుని ఎదురొచ్చాడు. అదే నవ్వు. పొద్దున్నే ఆ నవ్వు చూస్తే పేటలో ముసలీ ముతకా ధైర్యంగా ఊపిరి పీల్చుకుంటారు.

"కోటు తెచ్చావా వదినా? ఇదేంటి, మాడింది?"

"ఇంట్లో అందరం మాటల్లో పడ్డాం."

"పొద్దున్నే ఏం మాటలు?"

"ఎప్పట్నుంచో ఆగిపోయిన మాటల్లే."

అతనికి ఎక్కలేదు. కోటు తొడుక్కుని, మరక కనబడకుండా భుజాలు సర్దుకున్నాడు. "ఇవాళ ఒక మార్పుంది వదినా. గాయపడ్డ మనిషి వేషం అమ్మకి వద్దు. దగ్గు తగ్గలేదు. నేనే పడుకుంటాను."

గాయపడ్డ మనిషి వేషం అంటే అత్తగారిదే. నాలుగేళ్ళలో ఆవిడ ఆరుసార్లు కాలు విరగ్గొట్టుకుంది, రెండుసార్లు స్పృహ తప్పింది, ఒకసారి ఏకంగా చచ్చిపోయింది. చచ్చిపోయినప్పుడు అంత బాగా చచ్చిపోయిందని ఆఫీసర్లు చప్పట్లు కొట్టారు. ఆ వేషం ఇంకొకళ్ళకి ఇస్తే ఆవిడ మొహం మాడ్చుకుంటుంది.

"ఏ ఇంట్లో పడుకుంటావు?" అంది పెద్దకోడలు.

"మూడో వరస, ఆరో ఇల్లు. నీ వంతే. ముందు గదిలోకి కిటికీలోంచి పొగ డబ్బా వేస్తారు. పక్క గదిలో నేనుంటాను, కాలికి చెక్క కట్టుకుని. మరిదేగా అని మొహమాటపడకుండా ఈడ్చుకు రా."

"అరుస్తావా?"

"ఎలా అరుస్తాను? రూలుందిగా. ఎవరో ఒకరు వచ్చి ముట్టుకునేదాకా దాగున్నవాళ్ళు నోరు మెదపకూడదు. మెదిపితే డ్రిల్లు దండగ."

పెద్దకోడలు జేబులోంచి రంగు సుద్దముక్క తీసి చూసుకుంది. లావుపాటి నారింజ సుద్ద. "ఒకటి అడగనా? ఈ రెండు గీతలూ బయట నిలబడే ఒకేసారి గీసేస్తే ఏమవుతుంది? ఎంతో టైము కలిసొస్తుంది కదా."

కెప్టెన్ నవ్వు ఆగిపోయింది. "అలా చెయ్యకూడదొదినా."

"చెయ్యకూడదని నాకూ తెలుసు. ఎప్పుడైనా ఎవరైనా చేశారా అని."

 అతను మ్యాపు మడిచాడు, మళ్ళీ విప్పాడు. "చేసి ఉండరులే. మనవాళ్ళు అలాంటివాళ్ళు కాదు," అని విజిలు నోట్లో పెట్టుకుని అవతలికి పోయాడు.

దారిపొడుగునా ఆమె మనసులో ఒక మూల, అడగ్గానే అతను ఒప్పేసుకుంటాడేమోనన్న ఆశ ఉంది. కాళ్ళ మీద పడక్కర్లేదు. 'నేనే వదినా' అంటే చాలు. అతను ఆ మాట అనలేదు. ఆమె ఆ ఆశ అక్కడే వదిలేసింది, పని మొదలుపెట్టింది.

* * *

విజిలు మోగింది. వరసల్లోంచి బూడిదరంగు పొగ లేచింది. పక్క మైదానంలో స్టేజీ మీద కుర్చీల్లో ఆఫీసర్లు, గట్టు మీద పేట జనం.

ఇళ్ళు వెతికేటప్పుడు ఇద్దరిద్దరు వెళ్ళాలి. పెద్దకోడలికి జోడీ బేకరీ ఆయన. మంచి మనిషి, భారీ మనిషి. పొగంటే పడదు, పరుగంటే అసలే పడదు.

"మీరు ఒకటి నుంచి నాలుగు చూడండి. నేను ఐదు నుంచి చూసుకుంటాను," అందామె.

"ఇద్దరం కలిసి వెళ్ళాలి కదమ్మా?"

"ఆఫీసర్లు గడియారం చూస్తున్నారు. మన వరస ముందు అవ్వాలా వద్దా?"

బేకరీ ఆయన మారు మాట్లాడకుండా ఒకటో నంబరు వైపు నడిచాడు.

ఐదో ఇంట్లోకి ఆమె పద్ధతిగానే వెళ్ళింది. ఒక గీత గీసి, గదులూ వంటిల్లూ బాత్రూమూ చూసి, బయటికొచ్చి రెండో గీత గీసింది.  

ఆరో ఇంటి గుమ్మంలో నిలబడింది. తలుపు సందులోంచి పొగ వస్తోంది. లోపల అలికిడి లేదు. రూలు బాగా పాటిస్తున్నాడు అనుకుంది. పడుకో నాయనా. కాలికి కట్టిన చెక్కతో, పొగలో, మనిషి అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని పడుకో. ఎవరో వస్తారు అనుకుంటూ ఎదురుచూడటం ఎలా ఉంటుందో నువ్వూ చూడు.

సుద్ద తలుపుకి ఆనించింది. ఇటు నుంచి అటు ఒకటి. అటు నుంచి ఇటు ఒకటి. రెండూ ఒక్క గుక్కలో గీసేసింది. చూడటానికి అచ్చం సక్రమంగా ఉంది. అదే ఆమెకి నచ్చింది.

ఏడు, ఎనిమిది కూడా చూసేసి మైదానంలోకి వచ్చింది. ట్యాంకు దగ్గర చల్లటి నీళ్ళు తాగింది. కోటు మీద దుమ్ము దులుపుకుంది. పాతికా ముప్ఫై నిమిషాలు గట్టు మీద కూర్చుని, చెప్పబోయే మాటని మెల్లిగా తయారుచేసుకుంది. లెక్క తగ్గుతుంది. కెప్టెన్ ఏడీ అని గోల మొదలవుతుంది. అప్పుడు తను లేచి, వాళ్ళు తన తండ్రి గురించి చెప్పిన మాటే, అదే నిమ్మళంగా, అదే జాలితో చెబుతుంది. ఆ తర్వాత అతన్ని దగ్గుతూ, తుమ్ముతూ, మెడల్ కోసం వేసుకున్న కోటంతా మసిచేసుకుని బయటికి తెస్తారు. అప్పుడు అందరి ముందూ అడుగుతుంది.

అబద్ధమెందుకు, ఆ అరగంటా ఆమెకి హాయిగా ఉంది. రెండేళ్ళలో ఒంటికి అంత తేలిక ఎప్పుడూ తెలియలేదు.

మళ్ళీ విజిలు మోగింది. వరసల వారీగా పిలుపు మొదలైంది.

"మూడో వరస?"

"ఎనిమిది ఇళ్ళు. ఎనిమిదీ చూశాం. ఎవరూ లేరు," అంది పెద్దకోడలు గట్టిగా.

బోర్డు దగ్గర లెక్క రాస్తున్న టీము ప్లంబరు తల గోక్కున్నాడు. "ఆరుగురిని దాచాం. దొరికింది ఐదుగురే. మూడో వరసలో ఒకళ్ళు ఉండాలే?"

కంట్రోల్ రూము ఆఫీసరు కుర్చీలోంచి ముందుకి వంగాడు. జనంలో గుసగుస లేచింది.

పెద్దకోడలు రెండడుగులు ముందుకేసింది. "తలుపు మీద ఇంటూ ఉంది కదండీ. మేం వెతికినప్పుడు లేడు. దేనికోసమో తర్వాత వెనక్కి వెళ్ళి ఉంటాడు."

"ఎవరొదినా? ఎవరు వెనక్కి వెళ్ళింది?"

ఆ గొంతు వెనక నుంచి వచ్చింది.

ఆమె తిరిగి చూసింది. కెప్టెన్. మసి లేదు, దగ్గు లేదు. మొహం మాత్రం పాలిపోయి ఉంది.

"నువ్వు... ఆ గదిలో..."

"అంబులెన్సు దారి తప్పి అటు మెయిన్ రోడ్డు మీదికి వెళ్ళిపోయింది. నేను వెళ్ళి తీసుకురావాల్సొచ్చింది. అప్పుడే అమ్మ ఎదురొచ్చింది. నేను పడుకుంటాలేరా, నువ్వెళ్ళు అంది." అతను ఆమె వంక చూశాడు, బోర్డు మీద ఐదు అంకె వంక చూశాడు. "వదినా, అమ్మేదీ?"

ఆమె మూడో వరస వైపు తిరిగింది.  లోపలికి తొంగిచూసి ఉంటే తెలిసేది. ఒక్కసారి తొంగిచూసి ఉంటే!

ఇద్దరూ ఒకేసారి పరుగెత్తారు.

"ఇందాక మా ఆవిడ ఫోన్ చేసింది," అన్నాడు అతను రొప్పుతూ. "నీకు తెలిసిపోయిందని. నేను చెబుదామనే వస్తున్నా వదినా, ఒట్టు..."

"మాట్లాడకు. పరుగెత్తు."

ఆరో ఇంటి నుంచి వస్తున్నది బూడిదరంగు పొగ కాదు. నల్లగా, పీచు కాలిన కంపుతో వస్తోంది. పొగ డబ్బా పది నిమిషాల్లో ఆరిపోయేదే. కానీ ముందు గదిలో ఎవరో వదిలేసిన పాత పరుపు ఉంది. దాని అంచుకి నిప్పు అంటుకుని లోలోపలే కాలుతోంది. ఎవరైనా గుమ్మం దాటి ఉంటే, కాలితో తొక్కి ఆర్పేసేవాళ్ళు.

కెప్టెన్ తలుపు ముందు ఒక్క క్షణం ఆగాడు. ఇంటూ గుర్తు వంక చూశాడు. కింద గడప మీద మిల్లు మూతపడ్డనాటి దుమ్ము మందంగా ఉంది. దాని మీద లోపలికి వెళ్ళిన అడుగులున్నాయి, ఒక్క జత, చిన్నవి, ముసలివి. వదిన బూట్ల గుర్తులు మెట్టు మీదే ఆగిపోయాయి. అతను తలెత్తి ఆమె కళ్ళల్లోకి చూశాడు. ఏమీ అనలేదు. తలుపు నెట్టుకుని లోపలికి దూరాడు. నీళ్ళంటే భయపడ్డ మనిషి, నిప్పులోకి కోటు చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని పోయాడు.

ఆమె కూడా వెనకే వెళ్ళింది.

అత్తగారు పక్క గదిలో నేల మీద పడుంది. కాలికి కట్టిన చెక్కతో మంచం దిగి, తలుపు దాకా పాక్కుంటూ వచ్చింది. ముక్కుకి కట్టుగుడ్డ అడ్డం పెట్టుకుంది. కళ్ళు మూసుకుపోయాయి. పిలవలేదు. ఎందుకు పిలుస్తుంది? కొడుకు డ్రిల్లు పాడైపోతుంది కదా.

"అత్తయ్యా! అత్తయ్యా!" భుజం పట్టుకుని కుదిపింది పెద్దకోడలు. తల అటు వాలిపోయింది.

ఇద్దరూ చెరోవైపు పట్టి బయటికి మోసుకొచ్చారు. డ్రిల్లు కోసం తెచ్చిన అంబులెన్సు నిజంగానే పనికొచ్చింది. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి ముక్కుకి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. చాలాసేపటికి ఆవిడ ఛాతీ ఎగసింది. దగ్గు తెర వచ్చింది. 

బతికింది. ఆరో ఇంట్లో బకెట్లతో నీళ్ళు పోసే చప్పుడు, పిల్లల ఏడుపు, జనం తోపులాట అప్పుడు గానీ పెద్దకోడలి చెవికెక్కలేదు.

ఆఫీసరు ఇంటూ ఉన్న తలుపు ముందు నిలబడి ఉన్నాడు. పక్కన గుమాస్తా కాగితం పెన్నూ పట్టుకుని ఉన్నాడు.

"ఈ గుర్తు ఎవరు వేశారు?"

పెద్దకోడలు నోరు తెరవబోయింది. నిజంగానే తెరవబోయింది.

"నేనే సార్," అన్నాడు కెప్టెన్.

గుమాస్తా పెన్ను మూత తీశాడు.

"ఆరో ఇల్లు నేను చూసుకుంటానని వదినకి చెప్పాను. అంబులెన్సు హడావుడిలో లోపలికి వెళ్ళలేదు. బయట నిలబడే రెండు గీతలూ గీసేశాను."

ఆమె చెవులతో ఆమే వింది. రెండేళ్ళు ఏ మాట కోసం కాచుకుని కూర్చుందో, ఆ మాట. ఆ గొంతుతో, అందరి ముందూ, తడబడకుండా. ఒక్కటే తేడా. నాన్న గది తలుపు గురించి చెప్పాల్సిన మాట ఈ తలుపు గురించి చెప్పాడు.

ముందు ఒళ్ళు జలదరించింది. ఆ వెంటనే మండింది. ఎంత తెలివి! తనని కాపాడుతున్నాడట! ఇక్కడా పెద్దమనిషి తరహానే. రేపు పేటంతా ఏమంటుంది? పాపం, హడావుడిలో పొరపాటు చేశాడు, అయినా మగాడిలా ఒప్పుకున్నాడు, కన్నతల్లిని నిప్పుల్లోంచి మోసుకొచ్చాడు అంటుంది. తన తండ్రి మాత్రం గడియారాలకి ఆశపడ్డ ముసలాడిగానే ఉండిపోతాడు. తనేమో జీవితాంతం ఈ మనిషి దయ మీద బతకాలి.

"మీరే కదమ్మా మూడో వరస?" ఆఫీసరు ఆమె వైపు తిరిగాడు. "ఈయన చెప్పింది నిజమేనా? ఈయన లోపలికి వెళ్ళకుండా గుర్తు వెయ్యడం మీరు చూశారా?"

కెప్టెన్ కళ్ళతోనే బతిమాలాడు. ఊఁ అను వదినా, అయిపోతుంది అన్నట్టు. గట్టు మీద మొగుడు నిలబడి ఉన్నాడు, చేతులు నలుపుకుంటూ. ఈ ఇంట్లో అందరికీ ఎప్పుడూ ఒకటే కోరిక, అయిపోవాలి.

కాదంటే తను దోషి. ఊఁ అంటే అతను దేవుడు. ఆమెకి మూడో దారి కనబడింది.

"చూశాను సార్," అంది. గొంతు ఖంగుమంది. "ఈయన ఇలా వెయ్యడం ఇది మొదటిసారి కాదు."

గుమాస్తా పెన్ను ఆగింది.

"రెండేళ్ళ కింద వరదలో మా నాన్న గది తలుపు మీదా ఈయనే వేశాడు. పడవ దిగకుండా. మా నాన్న ఎక్కడికీ వెనక్కి వెళ్ళలేదు. ఆయన మొదట్నుంచీ లోపలే ఉన్నాడు. కావాలంటే అడగండి, ఎదురుగానే ఉన్నాడు."

కెప్టెన్ ఒక దెబ్బ కాచుకోవడానికి సిద్ధపడి వచ్చాడు. రెండోది కూడా అదే చోట పడుతుందని అనుకోలేదు. అతని పెదాలు కదిలాయి. కాదంటే ఇందాక చెప్పిందీ అబద్ధమే అవుతుంది. అప్పుడు వదిన చేతికి బేడీలు పడతాయి.

"నిజమేనా?" అన్నాడు ఆఫీసరు.

"నిజమే సార్," అన్నాడు కెప్టెన్. అని, కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పుకోవడం మొదలుపెట్టాడు.

జనంలోంచి గడియారాల ముసలాయన పేరు ఎవరో అన్నారు. ఇంకెవరో అయ్యో అన్నారు. బేకరీ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. రెండేళ్ళ తర్వాత మొదటిసారి ఆ పేరు పక్కన ఆశ అన్న మాట వినబడలేదు. పెద్దకోడలికి కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. గెలిచాను నాన్నా అనుకుంది. ఈ గెలుపు ఎలా వచ్చిందో ఆ నిమిషంలో తలుచుకోదలుచుకోలేదు.

అంబులెన్సు తలుపు దగ్గర స్ట్రెచర్ ఆగింది. ఎక్కించబోతుంటే అత్తగారు ఇనపకడ్డీ గట్టిగా పట్టుకుంది. రెండో చేత్తో మాస్కు కిందికి లాగేసింది.

"మాట్లాడకూడదమ్మా, పడుకోండి," అంది నర్సు.

ఆవిడ వినిపించుకోలేదు. కోటు విప్పుకుంటున్న కొడుకు వంక చూసింది. కళ్ళు తుడుచుకుంటున్న కోడలి వంక అంతకంటే ఎక్కువసేపు చూసింది. ఆ చూపులో కోపం ఉందో జాలి ఉందో పెద్దకోడలికి తెలియలేదు.

"ఆఫీసరు బాబూ," అంది అత్తగారు గీసుకుపోయిన గొంతుతో. "అప్పుడే రాసుకోకు. తలుపు మీద సుద్ద గీసిన చప్పుడైతే, ఎవరొచ్చారా అని కిటికీలోంచి చూశాను. ఆ గుమ్మంలో నిలబడ్డది ఎవరో నన్నడుగు."